జానెడు కడ్డీ... కొండంత పని!

శేషాచలం చుట్టుపక్కల తిరిగే బండ్లకు ఎత్తు ఓ అవసరం. కుర్రకారుకు అదో సరదా. అడవి దారిలో అడుగు తగలకూడదని కొందరు, వంక దాటాలని కొందరు, లోడు వేస్తే కుంగిపోతోందని మరికొందరు... బండిని రెండంగుళాలు పైకి లేపుతున్నారు. బండైతే లేస్తుంది. కానీ దాని అడుగున ఎత్తును కొలిచే చిన్న కడ్డీ ఒకటుంది. ఆ సంగతి దానికి చెప్పకపోతే? శ్రీసిటీ నుంచి తిరుమల, తలకోన, మదనపల్లె, మొగిలి మీదుగా చిత్తూరు దాకా... ఆ కడ్డీ వెంట ఓ ప్రయాణం!

తెల్లవారుజామున అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గర ఓ పావుగంట నిలబడితే చాలు, దక్షిణాది బండ్లన్నీ ఒక్కచోటే కనిపిస్తాయి. తమిళనాడు వ్యాను, కర్ణాటక కారు, తెలంగాణ నుంచి రాత్రంతా నడిచొచ్చిన జీపు, మన ఆర్టీసీ సప్తగిరి బస్సు. నంబరు ప్లేట్లు సరే, అవి నిల్చున్న తీరు ఎప్పుడైనా గమనించారా? పదిమంది మనుషులు, వాళ్ల సామాన్లు ఎక్కిన జీపు వెనక్కి కుంగి ముక్కు పైకెత్తి ఉంటుంది. సరుకు దించేసి ఖాళీగా వెళ్తున్న పికప్ వ్యాను తోక లేపుకుని నిలబడుతుంది. వాటి మధ్యలో ఓ ఖరీదైన ఎస్‌యూవీ... లోపల ఏడుగురున్నా, డిక్కీ నిండా పెట్టెలున్నా నేలకు సమానంగా, ఏమీ ఎరగనట్టు ఉంటుంది.

దానికా నిలకడ ఎక్కణ్నుంచి వచ్చింది? చక్రాల దగ్గర ఇనుప స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు తిత్తులుంటాయి. బరువు పడితే ఓ చిన్న కంప్రెసరు వాటిలోకి గాలి పంపుతుంది. బరువు తగ్గితే వదిలేస్తుంది. ల్యాండ్ రోవర్, మెర్సిడెస్, బీఎండబ్ల్యూ, ఆడీ, వోల్వో కంపెనీల పెద్ద ఎస్‌యూవీల్లో ఇలాంటి ఏర్పాటున్నవి మన రోడ్లమీదా తిరుగుతున్నాయి. ఎంత గాలి పంపాలో, ఎంత వదలాలో కంప్యూటరుకు చెప్పేది మాత్రం చక్రం పక్కనుండే ఓ చిన్న సెన్సరు.

సెన్సరు అనగానే అదేదో బ్రహ్మపదార్థం అనుకోనక్కర్లేదు. బండి చట్రానికి బిగించిన ఓ డబ్బీ. దానికో చిన్న చెయ్యి. ఆ చేతి కొసనుంచి కిందనున్న ఇరుసుకో, చక్రాన్ని పట్టి ఉంచే ఆర్ముకో ఓ సన్నటి కడ్డీ. బండి కుంగితే కడ్డీ ఆ చేతిని ఒకవైపు నెడుతుంది. లేస్తే మరోవైపు లాగుతుంది. చెయ్యి ఎంత తిరిగిందో డబ్బీ కంప్యూటరుకు చేరవేస్తుంది. అంతే! కంసాలి త్రాసుకు ముల్లు ఎలాగో, బండికి ఈ కడ్డీ అలాగ. ముల్లు సరిగ్గా ఉంటేనే తూకం సరిగ్గా ఉంటుంది.

బండి తన ఎత్తును తానే సరిచూసుకోవడం కొత్త ముచ్చటేమీ కాదు. ఫ్రాన్సు కంపెనీ సిట్రోయెన్ 1955లో తెచ్చిన 'డీఎస్' కారు నూనె, గ్యాసుల సాయంతో ఆ పని చేసేసింది. అప్పట్లో చూసినవాళ్లు వింతగా చెప్పుకొన్నారు. ఇప్పుడా వింత మన కొండ దారుల్లోకి వచ్చేసింది.

బండ్లు పుట్టే దారి

ఈ ప్రయాణం కొండ దగ్గర కాక, తూర్పున తడ వైపునుంచి మొదలుపెడితే బాగుంటుంది. ఎందుకంటే ఇప్పుడు అక్కడే బండ్లు పుడుతున్నాయి. ఒకప్పుడు చిత్తూరు జిల్లాకు ఓ మూలన, మెట్ట పొలాలతో ఉండే సత్యవేడు ప్రాంతం శ్రీసిటీ రాకతో రూపే మార్చుకుంది. జపాన్ కంపెనీ ఇసుజు 2016 ఏప్రిల్‌లో ఇక్కడ కర్మాగారం తెరిచింది. డీ-మ్యాక్స్ పికప్ బండ్లు తయారయ్యేది అందులోనే. మన దేశంలో 'ఎత్తు పెంచుకునే' సరదా ఉన్నవాళ్లకు బాగా నచ్చిన బండ్లలో దాని వీ-క్రాస్ రకం ఒకటి. కాస్త ఇవతల చిన్నపండూరులో అపోలో టైర్ల కర్మాగారం నుంచి 2020 జూన్‌లో తొలి టైరు బయటికొచ్చింది. మదనపాళెంలో హీరో మోటార్‌సైకిళ్లు తయారవుతున్నాయి. రేణిగుంట దాటి తిరుపతి వస్తుంటే కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు. అంటే... బండి, దాని కాళ్లు, దాని కరెంటు అన్నీ ఈ డెబ్భై, ఎనభై కిలోమీటర్ల దారిలోనే!

2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో శ్రీసిటీ తిరుపతి జిల్లాలోకి వచ్చింది. చిత్తూరు పట్నం నుంచి సరిహద్దు దాటితే తమిళనాడు రాణిపేట జిల్లా. అక్కడి పనపాక్కంలో టాటా మోటార్స్ కర్మాగారానికి 2024 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. జాగ్వార్ ల్యాండ్ రోవర్ కార్లను కూడా అందులో తయారుచేయాలన్నది ప్రణాళిక. గాలి తిత్తుల బండ్లకు పేరుపడ్డ కంపెనీ మన పక్కూరికే వచ్చిందన్నమాట.

మరి కంపెనీవాళ్లు లెక్కలన్నీ వేసి, పరీక్షలన్నీ చేసి ఒక ఎత్తు నిర్ణయించి పంపితే... మనవాళ్లు ఎందుకు మారుస్తున్నట్టు?

జవాబు దారిలోనే దొరుకుతుంది. తిరుపతి నుంచి తలకోనకు దాదాపు 60 కిలోమీటర్లు. 270 అడుగుల ఎత్తునుంచి దూకే జలపాతాన్ని చూడ్డానికి ఎక్కడెక్కడినుంచో వస్తారు. అసలు రోడ్డు బాగానే ఉంటుంది. కానీ చుట్టుపక్కల పల్లెలకూ తోటలకూ పోయే మట్టిదారుల్లో మధ్యలో గడ్డిదిబ్బ, రెండువైపులా చక్రాల గాళ్లు. మామూలు కారుకు అడుగు తగలాల్సిందే. 2021 నవంబరు వరదలైతే చెప్పనక్కర్లేదు. తిరుపతి వీధులు ఏరులయ్యాయి. స్వర్ణముఖి పొంగింది. వంకలమీద దారులు తెగాయి. ఆ డిసెంబరు 1న తిరుమల రెండో ఘాట్ రోడ్డుమీద కొండచరియలే విరిగిపడ్డాయి. అవన్నీ చూసినవాళ్లకు 'బండంటే ఎత్తుగా ఉండాలప్పా' అనిపిస్తే తప్పు పట్టలేం.

'రొండంగుళాలు లేపన్నా...'

ఏ ఊరి ఆటోనగర్‌లోనైనా వినిపించే మాటే ఇది. "రొండంగుళాలు లేపన్నా... తోటలోకి పోతే అడుగు కొట్టుకుంటా ఉండాది!" అవతలినుంచి వచ్చే జవాబు కూడా అంతే సులువుగా ఉంటుంది. "దాందేముంది, సాయంత్రానికి తీస్కపో!"

లేపడం నిజంగానే పెద్ద పని కాదు. ముందు స్ప్రింగుల మీద దిమ్మెలు పెడతారు. లేదా పొడుగు స్ప్రింగులు వేస్తారు. వెనక కమాన్ కట్టలకు ఒక పట్టీ ఎక్కిస్తారు. చట్రానికీ ఇరుసుకూ మధ్య దూరం పెరుగుతుంది. బండి ఠీవిగా నిలబడుతుంది. యజమాని ఓ ఫొటో తీసుకుంటాడు.

మరి కడ్డీ? దాని పొడవు పాతదే. చట్రం పైకి పోయింది, ఇరుసు కిందే ఉంది. మధ్యలో కడ్డీ సెన్సరు చేతిని లాగిపెట్టి ఉంచుతుంది. కంప్యూటరుకు అందే కబురు ఒక్కటే: 'బండి ఉండాల్సినదానికన్నా రెండంగుళాలు ఎత్తులో ఉంది!' ఎవరో కావాలని లేపారని దానికి తెలియదు కదా. అది తన పని తాను చేస్తుంది. తిత్తుల్లోంచి గాలి వదిలేసి బండిని పాత ఎత్తుకు దించేస్తుంది. వేలు పోసి పెంచిన ఎత్తు పొద్దున చూసేసరికి మాయం! గాలి తగ్గిన తిత్తి మీద బండి గతుకుల్లో ఎముకలు కదిలేలా కొడుతుంది. చెయ్యి దాని హద్దు దాటి తిరిగితే మీటర్ల దగ్గర హెచ్చరిక దీపం వెలుగుతుంది. వ్యవస్థ మొత్తం పనిమానేయవచ్చు కూడా.

దీనికి తిరగేసిన ఉపాయం ఇంకోటుంది. స్ప్రింగులూ దిమ్మెలూ ఏమీ ముట్టుకోకుండా కడ్డీ ఒక్కటే మార్చేస్తారు. బండి రకాన్ని బట్టి పొట్టిదో పొడుగుదో వేస్తే చాలు. సెన్సరుకు బండి కుంగినట్టు అనిపిస్తుంది. కంప్యూటరు 'అయ్యో' అనుకుని గాలి నింపుతుంది. బండి లేస్తుంది. ఖర్చు తక్కువ, పని గంటలో అయిపోతుంది. కానీ ఇది తూకపు రాయిని చెక్కి బేరం చేయడంలాంటిదే. తిత్తి ఎప్పుడూ సాగినంత సాగి ఉంటుంది. గుంటలో చక్రం కిందికి దిగడానికి చోటు మిగలదు. కంప్రెసరుకు పని పెరుగుతుంది. ఇంజిన్ శక్తిని చక్రాలకు అందించే షాఫ్టులు వంకర కోణంలో తిరిగి త్వరగా అరుగుతాయి. బయటికి మాత్రం అంతా బాగున్నట్టే ఉంటుంది!

సరైన పద్ధతి ఏమిటి? ఎత్తు ఎంత పెరిగిందో అంతకు తగ్గట్టు కడ్డీ పొడవునో, సెన్సరు బిగించిన క్లాంపునో మార్చి, చెయ్యి మళ్లీ తన మధ్య స్థానానికి వచ్చేలా చూడాలి. ఆపైన స్కానర్ తగిలించి 'ఇకమీదట నీ అసలు ఎత్తు ఇదీ' అని కంప్యూటరుకు నేర్పాలి. దీన్నే మెకానిక్కులు క్యాలిబ్రేషన్ అంటారు. చదునైన నేలమీద, టైర్లలో సరైన గాలి పెట్టి, సామాను దించేసి నాలుగు చక్రాల దగ్గరా టేపుతో కొలుస్తారు. కొలిచేది నేలనుంచి కాదు, చక్రం నడిమధ్యనుంచి పైనున్న మడ్‌గార్డు అంచు వరకు. ఎందుకంటే టైరు అరిగినా, గాలి కాస్త తగ్గినా ఆ కొలత మారదు. నాలుగు అంకెలూ కంప్యూటరులోకి ఎక్కించాక బండిని పైకీ కిందికీ ఒకసారి నడిపించి, మళ్లీ కొలిచి చూస్తారు. ఎడమకూ కుడికీ తేడా కొద్ది మిల్లీమీటర్లకు మించకూడదు.

ఎత్తు పెంచడానికి ఒక పూట. దాన్ని బండికి ఒప్పించడానికి ఇంకో పూట. చాలామంది మొదటి పూటతోనే తాళాలు తీసుకుని వెళ్లిపోతున్నారు. చిక్కంతా అక్కడే.

ఎదుటివాడి కళ్లలో వెలుగు

'నా బండిలో గాలి తిత్తులూ లేవు, కంప్యూటరూ లేదు. నాకెందుకీ గొడవ?' అనుకునేవాళ్లు ఇప్పుడు కొండెక్కాలి.

తిరుమల తొలి ఘాట్ రోడ్డు 1944 ఏప్రిల్ 10న ప్రారంభమైంది. రెండోది 1970ల్లో వచ్చింది. అప్పట్నుంచీ పాతదారి దిగడానికి, కొత్తదారి ఎక్కడానికి. ఎదురుగా బండ్లు రాని ఘాట్లు కావడం యాత్రికుల అదృష్టం. అయినా పాతదారి మలుపుల్లో దిగేటప్పుడు వెనక బండి వెలుగు అద్దంలో పడి కళ్లు చెదిరిన అనుభవం చాలామందికి ఉండే ఉంటుంది. వేగంగా దిగకుండా టీటీడీ ప్రయాణానికి కనీస సమయం పెట్టింది కూడా. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాల లెక్క తరచూ వచ్చే యాత్రికులకు కంఠతా వచ్చేసింది. వేగానికి కళ్లెం వేశారు సరే, వెలుగుకు?

కొత్తరకం కార్లలో చాలావాటికి హెడ్‌లైట్లు తమను తామే సర్దుకుంటాయి. వెనక సీటులో మనుషులు కూర్చుంటే బండి ముక్కు లేస్తుంది. లైట్లు పైకి కొడతాయి. అలా జరగకుండా ఇరుసు దగ్గరి సెన్సరు కబురందించి, లైట్లను కిందికి దించుతుంది. ఆ సెన్సరు మన జానెడు కడ్డీకి తోబుట్టువే! కొన్ని బండ్లలో అది వెనక మాత్రమే ఉంటుంది.

ఇప్పుడో చిన్న లెక్క. బండి ముందూ వెనకా సమానంగా 5 సెంటీమీటర్లు, అంటే రెండంగుళాలు లేపారనుకుందాం. నిజానికి బండి వంగలేదు, చదునుగానే ఉంది. కానీ వెనక సెన్సరుకు తన వైపు లేచిన సంగతి మాత్రమే తెలుసు. 'వెనక లేచిందంటే ముక్కు వంగినట్టే' అని లెక్కగట్టి లైట్లను పైకి ఎత్తుతుంది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 3 మీటర్లుంటే, 5 సెంటీమీటర్లంటే దాదాపు 1.7 శాతం వాలు. చాలా కార్లలో డిమ్ లైటును నేలవైపు వంచి ఉంచేది ఒక శాతమే. అంటే 80 సెంటీమీటర్ల ఎత్తులోని లైటు 80 మీటర్ల దూరంలో నేలను తాకాలి. సెన్సరు తన శక్తికొద్దీ పొరపాటుపడితే ఆ వెలుగు నేలను తాకదు. సరాసరి ఎదుటివాడి కళ్లలోకి పోతుంది. మనమేమో 'డిమ్ కొట్టాను కదా' అనుకుంటూ ఉంటాం!

భాకరాపేట దగ్గర తలకోన వైపు తిరిగే దారిలోనో, హార్స్‌లీ హిల్స్ మలుపుల్లోనో రాత్రిపూట ఇదెంత ప్రమాదమో ఊహించుకోండి. నాలుగు వేల అడుగుల పైచిలుకు ఎత్తున్న హార్స్‌లీ కొండకు పోయే దారి సన్నం. ఒకవైపు కొండ, ఇంకోవైపు లోయ. మలుపులో ఒక్క రెండు సెకన్లు కళ్లు మూసుకుపోతే చాలు. ఆ ఎదుటి బండిలో ఎవరో ఒకరి పిల్లలుంటారు.

సరిచూసుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. చదునైన చోట గోడకు 10 మీటర్ల దూరంలో బండి ఆపి డిమ్ లైటు వేయండి. వెలుగు పై అంచు, లైటు మధ్యభాగం ఎత్తుకన్నా 10 సెంటీమీటర్లు కిందుంటే అది ఒక శాతం వాలు. మీ బండికి ఎంతుండాలో పుస్తకంలో ఉంటుంది. గీత లైటుతో సమానంగానో, పైనో ఉంటే మాత్రం ఆ రాత్రికి ఘాట్ ఎక్కొద్దు.

టమాటా దారిలో...

భాకరాపేట కనుమ దాటి పీలేరు మీదుగా పోతే మదనపల్లె. పేరు చెప్పగానే టమాటా మార్కెట్ గుర్తొస్తుంది. ఇవతల దామలచెరువు అంటే మామిడి. సీజన్‌లో ఈ దారుల్లో ఎక్కడ చూసినా పికప్ వ్యాన్లే. క్రేట్లు ఆకాశానికి పేర్చుకుని పోతుంటాయి. ఇక్కడ ఎత్తు సరదా కాదు, బతుకుతెరువు. "లోడేస్తే కూచుండిపోతా ఉండాది, ఇంకో పట్టీ ఎక్కించన్నా" అనే మాట ఇక్కడ ఎన్నిసార్లు వినిపిస్తుందో!

ఈ బండ్లకు గాలి తిత్తులుండవు. కానీ కడ్డీ ఉంటుంది. అవును, అదే కడ్డీ! ఏబీఎస్ రాకముందు తయారైన చాలా పికప్ వ్యాన్లలో, చిన్న లారీల్లో వెనక ఇరుసునుంచి చట్రం మీదున్న ఓ బ్రేకు వాల్వుకు ఒక కడ్డీయో, పొడుగు స్ప్రింగో ఉంటుంది. మెకానిక్కులు దాన్ని ఎల్‌ఎస్‌పీవీ అంటారు. లోడును బట్టి బ్రేకును పంచే వాల్వు అన్నమాట. కరెంటుతో, కంప్యూటరుతో పనిలేని సెన్సరిది.

ఖాళీ బండికి వెనక బ్రేకు గట్టిగా పడితే చక్రాలు బిగుసుకుని బండి పక్కకు జారుతుంది. అందుకే ఖాళీగా ఉన్నప్పుడు ఆ వాల్వు వెనక బ్రేకును తగ్గిస్తుంది. లోడు పడితే చట్రం కుంగుతుంది, కడ్డీ జరుగుతుంది, వాల్వు తెరుచుకుని వెనక బ్రేకుకు బలం పెరుగుతుంది. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. బరువును తూచకుండానే, కుంగిన ఎత్తును బట్టి బరువు కనిపెడుతుంది.

అలాంటి బండికి అదనంగా ఒక పట్టీ ఎక్కిస్తే ఏమవుతుంది? టన్ను లోడు వేసినా చట్రం మునుపటంత కుంగదు. కడ్డీ మునుపటంత జరగదు. వాల్వు దృష్టిలో బండి ఇంకా సగం ఖాళీయే! వెనక బ్రేకుకు అందాల్సిన బలం అందదు. భారమంతా ముందు బ్రేకులమీద పడుతుంది. చదును రోడ్డుమీద డ్రైవరుకు తేడా తెలియకపోవచ్చు. కనుమ దిగేటప్పుడు మాత్రం మాటిమాటికీ తొక్కిన ముందు బ్రేకులు కాగిపోతాయి. కాగిన బ్రేకు పట్టు తప్పుతుంది. పట్టీ ఎక్కించేటప్పుడు ఎవరికీ గుర్తురాని కడ్డీ, అక్కడ గుర్తుచేస్తుంది.

పట్టీ వేశాక కడ్డీని సర్దితే సరిపోదా అంటే... కొంతవరకే. దిమ్మె పెట్టి ఎత్తు మాత్రమే పెంచితే కడ్డీని అంతమేరకు సర్దవచ్చు. పట్టీ ఎక్కిస్తే స్ప్రింగు గట్టిదనమే మారిపోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు లెక్క సరిపోయినా, లోడు పడ్డాక తప్పుతుంది. అందుకే ఈ పని ఆ బండి కంపెనీ కొలతలు తెలిసిన చోటే చేయించాలి. అన్నిటికన్నా మేలైన మందు, బండి మోయగలిగినంతే వేయడం. ఏబీఎస్ ఉన్న కొత్త బండ్లలో ఈ పంపకాన్ని ఎలక్ట్రానిక్ వ్యవస్థ చక్రాల వేగాన్ని చూసి చేస్తోంది. అక్కడ ఈ బెడద తక్కువ. కానీ పాతబండ్లు ఇంకా చాలానే కనుమలు దిగుతున్నాయి.

మొగిలి కనుమ చెప్పే మాట

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా చిత్తూరు దారి పడితే మొగిలి ఘాట్ వస్తుంది. బెంగళూరు వైపునుంచి వచ్చే లారీలకు ఇదే దిగుడు. పైనున్న చల్లటి గాలినుంచి కిందనున్న మామిడి తోటల్లోకి దిగుతుంటే కళ్లకు పండగే. కానీ ఈ దారి జ్ఞాపకాలన్నీ తీపివి కావు. 2024 సెప్టెంబరు 13న ఇక్కడే ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొని పలువురు చనిపోయారు. అంతకు రెండేళ్ల ముందు, 2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో నిశ్చితార్థానికి వెళ్తున్నవారి బస్సు రాత్రివేళ లోయలో పడింది. ఆ ఇళ్లలో మేళాలు మోగాల్సిన చోట ఏడుపులు వినిపించాయి. ఆ ప్రమాదాలకు బండి ఎత్తు కారణమని కాదు. ఈ కనుమల్లో పొరపాటుకు చోటెంత తక్కువో చెప్పడానికే ఆ ఊసు.

చట్టం కూడా ఈ విషయంలో ఖరాఖండిగానే ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ ఇచ్చిన అసలు కొలతలకు తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఓ తీర్పులో ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5 వేల రూపాయల జరిమానాగానీ, ఆరు నెలల వరకు జైలుగానీ, రెండూగానీ పడొచ్చు. ఏదైనా జరిగితే బీమా కంపెనీ మొదట చూసేది కూడా 'బండి కంపెనీ పంపినట్టే ఉందా?' అనే. కాబట్టి ఎత్తు పెంచాలన్న ఆలోచన వస్తే మొదట వెళ్లాల్సింది ఆటోనగర్‌కు కాదు, రవాణాశాఖ కార్యాలయానికి.

కొండ ప్రాంతంలో ఉన్నవాళ్లు బండి ఎత్తుగా ఉండాలనుకోవడం సహజం. అసలే ఎత్తున్న బండిని ఎంచి కొనుక్కుంటే ఏ గొడవా లేదు. ఉన్నదాన్ని లేపాల్సివస్తే మాత్రం, దాని అడుగున కొలతలు తీసే ఆ కడ్డీని కూడా కూర్చోబెట్టి మాట్లాడాలి. బ్రేకూ, లైటూ, మెత్తటి కుదుపూ అన్నీ దాని మాటే వింటాయి. అది చెప్పేది తప్పయితే, తప్పు చేస్తున్నామని వాటికి తెలియనే తెలియదు. మొగిలి కనుమ దిగి బంగారుపాళ్యం చేరేసరికి బ్రేకు వాసన రాని లారీ వెనక ప్రయాణిస్తే, దాని కింద ఎవరో ఆ కడ్డీని సరిచూశారనుకోండి. మనసులోనే ఆ మెకానిక్‌కు ఓ దండం పెట్టండి!

ఎత్తు పెంచితే... ఇవి మరవొద్దు

• లేపకముందే నాలుగు చక్రాల దగ్గరా, చక్రం మధ్యనుంచి మడ్‌గార్డు అంచు వరకు కొలిచి రాసి పెట్టుకోండి. తర్వాత సర్దడానికి ఆ అంకెలే ఆధారం.

• మీ బండికి ఎత్తు సెన్సర్లు ఎక్కడెక్కడున్నాయో అడిగి తెలుసుకోండి. గాలి తిత్తులకు వేరుగా, లైట్లకు వేరుగా ఉండొచ్చు.

• కడ్డీ మార్చాక స్కానర్‌తో క్యాలిబ్రేషన్ చేయించనిదే బండి తీసుకోవద్దు. చక్రాల అలైన్‌మెంట్ కూడా తప్పనిసరి.

• ముందు అద్దం దగ్గర కెమెరా, బంపర్‌లో రాడార్ ఉన్న బండ్లకు ఎత్తు మారితే వాటినీ మళ్లీ సరిచేయించాలి. లేకపోతే ఎదుటి బండి దూరాన్ని తప్పుగా లెక్కగట్టవచ్చు.

• సరుకు బండ్లవాళ్లు పట్టీ ఎక్కించే ముందు 'బ్రేకు వాల్వు కడ్డీ సంగతేంటి?' అని ఒక్కమాట అడగండి. జవాబు తెలియని చోట పని చేయించొద్దు.

• కనుమ దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాట ఏ సెన్సరు వచ్చినా పాతబడదు.

ఇలా వెళ్లొచ్చు

చెన్నై-నెల్లూరు జాతీయ రహదారిపై తడ దగ్గర దిగితే శ్రీసిటీ. అక్కణ్నుంచి సత్యవేడు, నాగలాపురం, పుత్తూరు, రేణిగుంట మీదుగా తిరుపతి చేరొచ్చు. తిరుపతి నుంచి తలకోనకు భాకరాపేట మీదుగా దారి. ఆ దారినే వెనక్కి వచ్చి పీలేరు మీదుగా మదనపల్లెకు, అక్కణ్నుంచి హార్స్‌లీ హిల్స్‌కు వెళ్లొచ్చు. తిరుగు ప్రయాణం పుంగనూరు, పలమనేరు, మొగిలి మీదుగా చిత్తూరుకు. రెండు రోజులు పెట్టుకుంటే హాయిగా చూడొచ్చు. కనుమలన్నీ పగటి వెలుగులోనే దాటేలా చూసుకుంటే ఇంకా హాయి.